బాబు బరువు పెరుగుతున్నాడు, అన్నం తగ్గించి పెట్టాలా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి. ఎత్తు 128 సెంటీమీటర్లు, బరువు 30.5 కిలోలు. ఏడాదిన్నరగా బాగా బొద్దుగా తయారవుతున్నాడు. బడిలో పిల్లలు లావు అని ఏడిపిస్తున్నారట, మొన్న ఇంటికొచ్చి ఏడ్చాడు. నేనూ మావారూ కూడా కాస్త లావే. ఆయన ‘వంశంలోనే ఉంది, మనం చేసేదేముంది’ అంటారు. మా అత్తగారేమో ‘ఎదిగే పిల్లాడు, ఎత్తు పెరిగితే అదే సర్దుకుంటుంది’ అంటారు. నెల రోజులుగా వాడికి అన్నం తగ్గించి పెడుతున్నాను, బిస్కెట్లూ చిప్సూ బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పటినుంచి దొంగచాటుగా తినడం మొదలుపెట్టాడు. మూడేళ్ల పాప దీనికి పూర్తిగా రివర్స్. సన్నగా ఉంటుంది, ఫోన్ చూపిస్తేనే నోరు తెరుస్తుంది. ఇద్దరి విషయంలో ఏం చేయాలి? బాబుతో బరువు గురించి మాట్లాడాలా, వద్దా?

సమాధానం: ముందు లెక్క చూద్దాం. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు తగినంత ఉందో లేదో చెప్పే అంకె వస్తుంది. 30.5ని 1.28తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.28తో భాగిస్తే మీ బాబుది 18.6. పెద్దవాళ్ల హద్దులతో పోల్చి చూసి ఇది తక్కువేగా అనుకుంటారు చాలామంది. పెద్దవాళ్లకు వాడే 25 (అధిక బరువు), 30 (ఊబకాయం) అనే అంకెలు పిల్లలకు పనికిరావు. పిల్లల బీఎంఐ మొదటి ఏడాదిలో పెరుగుతుంది, తర్వాత తగ్గుతూ వచ్చి ఐదారేళ్ల దగ్గర అన్నిటికంటే కిందికి చేరుతుంది, అక్కడినుంచి మళ్లీ పెరుగుతుంది. అందుకే వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి గ్రోత్ చార్టులో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం ఎనిమిదేళ్ల మగపిల్లలకు మధ్యస్థ విలువ 15.7. బీఎంఐ 17.4 దాటితే అధిక బరువు, 19.7 దాటితే ఊబకాయం. మీ బాబు అధిక బరువులో ఉన్నాడు, ఊబకాయం దాకా వెళ్లలేదు. సరైన సమయంలోనే అడిగారు.

ఇప్పుడు మీకు ఊరటనిచ్చే సంగతి. వాడు ఒక్క కిలో కూడా తగ్గనక్కర్లేదు. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. వచ్చే ఏడాదికి 134 సెంటీమీటర్లకు పెరిగి, బరువు 30.5 దగ్గరే ఆగితే బీఎంఐ 17కి దిగుతుంది. తొమ్మిదేళ్లకు అధిక బరువు హద్దు 17.9. అంటే మామూలు పరిధిలోకి వచ్చేసినట్టే. కిలోన్నర పెరిగి 32 కిలోలకు చేరినా 17.8, అదీ హద్దు లోపలే. మీరు సాధించాల్సింది ఇంతే: ఏడాది పాటు బరువు వేగం తగ్గాలి, ఎత్తు దాని పని అది చేసుకుపోవాలి.

ఈ లెక్కతో చూస్తే మీ అత్తగారి మాట సగం నిజం. ఎత్తు పెరిగితే సర్దుకుంటుంది, బరువు కూడా అదే వేగంతో వెంట పరిగెత్తకపోతే. ఏడాదిన్నరగా అది పరిగెడుతూనే ఉందని మీరే రాశారు. ఇల్లు ఇప్పుడున్నట్టే ఉంటే దానంతట అది ఆగదు.

మీవారి మాటలోనూ నిజం ఉంది, దాన్నుంచి ఆయన తీసిన అర్థమే సరిగా లేదు. తల్లిదండ్రులిద్దరూ లావైతే పిల్లలకు ఆ అవకాశం ఎక్కువే. అయితే జన్యువులు చాలావరకు పనిచేసేది ఆకలి మీద. కొందరు పిల్లలకు కడుపు నిండిన సంగతి త్వరగా తెలుస్తుంది, కొందరికి ఆలస్యంగా తెలుస్తుంది. కొందరు తిండి కంటబడగానే, వాసన తగలగానే ఆకలి లేకపోయినా అటు వెళ్తారు. ఇలాంటి పిల్లాడున్న ఇంట్లో ఏం కొంటున్నారు, ఎక్కడ పెడుతున్నారు అన్నది మిగతా ఇళ్లలో కంటే ఇంకా ముఖ్యం. వంశంలో ఉందని తెలిసినవాళ్లు అందరికంటే ముందు మేలుకోవాలి.

ఇక తాళం సంగతి. మీరు మంచికే వేశారు, కానీ దాన్ని తీసేయండి. 1999లో అమెరికాలో ఫిషర్, బర్చ్ అనే పరిశోధకులు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ముందు ఒక చిరుతిండిని కంటికి కనిపించేలా ఉంచి, తినడానికి మాత్రం అదుపు పెట్టి చూశారు. ఆ పిల్లలు దాని గురించే మాట్లాడారు, దానికోసమే అడిగారు, దొరికినప్పుడు ఎక్కువ తిన్నారు. మీ ఇంట్లో జరుగుతున్నది కూడా ఇదే. బీరువాలో ఉందని తెలుసు, తనకు మాత్రం అందదని తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లాడికి దాన్నుంచి అర్థమయ్యేది ‘ఇది ఆరోగ్యానికి మంచిది కాదు’ అని కాదు, ‘నాలోనే ఏదో తప్పుంది’ అని. అన్నం తగ్గించి పెట్టడం వల్ల జరిగేదీ అంతే. తర్వాతి పూట దొరుకుతుందో లేదోనన్న బెంగతో దొరికినప్పుడే గబగబా తినేస్తాడు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి 15, 20 నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో కంచం ఖాళీ చేసే పిల్లాడికి ఆ కబురు అందే వీలే ఉండదు.

తాళం తీసి, అందులో ఉన్నవి అయిపోయాక మళ్లీ తేవడం మానేయండి. బిస్కెట్లు, చిప్స్, కేకులు రోజూ ఇంట్లో నిల్వ ఉండకూడదు. ఎప్పటికీ వద్దని కాదు. వారానికి ఒకటి రెండుసార్లు, ఆ పూటకు సరిపడా మాత్రమే తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని తినండి. తినేటప్పుడు ‘ఇదే ఆఖరు’, ‘నీకొద్దు కానీ ఏదో ఇస్తున్నా’ లాంటి మాటలు వద్దు. పెద్ద ప్యాకెట్ చవకగా వస్తుందని కొంటే లాభం లేదు, తెరిచిన ప్యాకెట్ మిగలదు.

దొంగచాటుగా తిన్నాడని దిండు కింద బిస్కెట్ కాగితం దొరికి తెలిసిందనుకోండి. నిలదీయకండి, చెల్లి ముందు, నాయనమ్మ ముందు అసలే వద్దు. ‘ఆకలేసిందా? సాయంత్రం నాలుగున్నరకు చిరుతిండి ఉంటుంది, ఇకనుంచి రోజూ ఉంటుంది’ అని చెప్పి ఊరుకోండి. రోజూ వేళకు అందుతుందని నమ్మకం కుదిరేదాకా రెండు మూడు వారాలు ఇది సాగవచ్చు. కుదిరాక చాలావరకు దానంతట అదే తగ్గుతుంది.

ఇక్కడినుంచి మీ పని ఏమిటి, వాడి పని ఏమిటి అన్నది విడదీసుకోవాలి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దవాళ్లు తేల్చాలి. పెట్టినదాంట్లో ఎంత తినాలి, తినాలా వద్దా అన్నది పిల్లలకు వదిలేయాలి. వినడానికి తేలికే. చాలా ఇళ్లలో మాత్రం ఇది తలకిందులుగా నడుస్తుంది. ఏం కావాలో పిల్లాణ్ని అడిగి చేస్తారు, ఎప్పుడంటే అప్పుడు ఇస్తారు, ఎంత తినాలన్నది మాత్రం పక్కన కూర్చుని పెద్దవాళ్లు చెబుతారు.

వేళల నుంచి మొదలుపెట్టండి, మిగతావి దాని వెనకే వస్తాయి. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ రెండున్నర నుంచి మూడు గంటలు. ఆ నడుమ మంచినీళ్లు తప్ప ఏమీ లేవు, పెద్దవాళ్లకూ లేవు. ఎంత తిన్నాడన్న లెక్క కంటే ఎన్నిసార్లు నోట్లో వేసుకున్నాడన్న లెక్క చూస్తే ఇలాంటి ఇళ్లలో ఆశ్చర్యం వేస్తుంది. బడి నుంచి వస్తూ ఒకటి, టీవీ ముందు ఒకటి, నాన్న ప్లేటులోంచి ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. రెండు రోజులు కాగితం మీద రాసి చూడండి, వాడిది మాత్రమే కాదు, ఇంట్లో అందరిదీ.

చిరుతిండి అంటే చిన్న భోజనం అనుకోండి. ఒక పండు, దాంతోపాటు పెరుగో, ఉడికించిన గుడ్డో, గింజలో. పండు ఒక్కటే ఇస్తే గంటకే మళ్లీ ఆకలంటాడు, మాంసకృత్తులు తోడైతే భోజనం దాకా ఆగుతుంది. మూడేళ్ల పాపకు మాత్రం గట్టి గింజలు అలాగే ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి. మెత్తగా నూరి ఇవ్వండి.

కంచంలో సగం కూరగాయలూ పండ్లూ, పావు వంతు అన్నమో రొట్టో, పావు వంతు పప్పు, గుడ్డు, చేప, మాంసం లాంటివి. అందరి కంచాల్లోనూ ఒకటే. వాడికొక వంట, మీకొక వంట చేస్తే రెండు వారాలు కూడా నిలబడదు. అన్నం, వేపుళ్ల గిన్నెలు వంటింట్లోనే ఉంచి వడ్డించుకుని రండి. కూరగాయల గిన్నె మాత్రం అందరి మధ్యలో పెట్టండి. చేతికి అందేదే మారు వడ్డించుకుంటాం, పెద్దలైనా పిల్లలైనా. భోజనానికి పావుగంట ముందు ఆకలి ఆకలి అని వంటింట్లో తిరిగే పిల్లలుంటారు కదా, అప్పుడు చేతికి కీర, క్యారెట్ ముక్కలు ఇవ్వండి. కంచంలో పెడితే పక్కకు నెట్టేవాళ్లు కూడా ఆ సమయంలో తినేస్తారు.

మీరు ఎక్కువగా తడబడేది మారు అడిగినప్పుడే. ‘ఇంక చాలు, లేచి వెళ్లు’ అనకండి. అడిగిన వెంటనే పెట్టనూ వద్దు. ‘పెడతాను, అందరి భోజనం కానీ, ఇంకో పది నిమిషాలు కూర్చో, ఈలోపు కూర వేసుకో’ అనండి. మాటల్లో ఆ పది నిమిషాలు గడిచిపోతాయి. తర్వాత కూడా అడిగితే మొదటిసారి పెట్టినదాంట్లో సగం పెట్టండి, మొహం మాడ్చుకోకుండా పెట్టండి. కొన్ని రోజులు పరీక్షించడానికే అడుగుతాడు. అడిగితే దొరుకుతుందని తేలాక అడగడం తగ్గుతుంది.

కంచం ఖాళీ చేయమని ఇద్దరినీ బలవంతపెట్టవద్దు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడేళ్ల పిల్లలకు పెద్ద ప్లేటు నిండా పెట్టినా, కొంచెం పెట్టినా దాదాపు ఒకే మోతాదు తిన్నారు. ఐదేళ్ల పిల్లలు మాత్రం ఎక్కువ పెడితే ఎక్కువ తిన్నారు. మూడేళ్లకు కడుపు మాట వింటారు, ఐదేళ్లకే కంటి మాట వినడం మొదలవుతుంది. మీ పాప దగ్గర ఆ కడుపు మాట ఇంకా పదిలంగా ఉంది. ఫోన్ చూపించి ముద్ద పెట్టడమంటే అది వినబడకుండా చేయడమే. ఇప్పుడు సన్నగా ఉందని చేస్తున్న ఈ పనే నాలుగేళ్ల తర్వాత అన్నయ్య దారిలోకి తీసుకెళ్లవచ్చు. అందుకే పాప విషయాన్ని చిన్నదిగా తీసుకోకండి.

పాపకు ఫోన్ ఒక్కసారే ఆపేయండి, కొంచెం కొంచెంగా తగ్గిస్తే రోజూ గొడవే. అన్నం, కూర, పప్పు ఒక్కొక్కటి మూడు టేబుల్ స్పూన్లు మించకుండా పెట్టండి. వయసులో ఒక్కో ఏడాదికి ఒక్కో టేబుల్ స్పూను చొప్పున మొదలుపెడితే చాలు, కావాలంటే అదే అడుగుతుంది. 20, 25 నిమిషాలయ్యాక తిన్నా తినకపోయినా కంచం తీసేయండి, బతిమాలడం లేదు, కోప్పడడం లేదు. తర్వాత మళ్లీ వేళకే. మొదటి నాలుగైదు రోజులు తక్కువ తింటుంది, అప్పుడు గుండె గట్టి చేసుకోవాలి. పాలు ఎన్ని తాగుతోందో కూడా చూడండి. రెండు కప్పులు, అంటే అర లీటరు లోపే ఉండాలి. లీటరు పాలు తాగే పిల్ల అన్నం దగ్గర నోరు తెరవదు, పైగా ఒంట్లో ఇనుము తగ్గుతుంది. కొత్త కూర నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు రుచి చూడాల్సి రావచ్చు. రెండుసార్లు ఉమ్మేసిందని ఆ కూర వండడం మానేయకండి. నిజంగా బక్కచిక్కి ఉందా అన్నది ఐదేళ్ల లోపు పిల్లలకు ఎత్తుకు తగ్గ బరువు చార్టులో తేలుతుంది, ఓసారి డాక్టర్ చేత చూపించండి.

మీ ఉత్తరంలో తాగేవాటి ప్రస్తావనే లేదు. చాలా ఇళ్లలో ఇదే అసలు దొంగ. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, దగ్గరదగ్గర తొమ్మిది టీస్పూన్లు. రెండేళ్లు దాటిన పిల్లలకు రోజు మొత్తం మీద కలిపే చక్కెర 25 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతోంది. ఒక్క డబ్బాతోనే అది దాటిపోయింది. పైగా తాగిన చక్కెర కడుపు నింపదు, తర్వాతి భోజనంలో ఆ మేరకు తగ్గించుకోరు. పండ్ల రసం ఇంట్లో తీసినా చక్కెర విషయంలో పెద్ద తేడా లేదు, పీచు పోయి తీపి మిగులుతుంది. పండును పండుగానే ఇవ్వండి. ‘బలం’ కోసం పాలల్లో కలిపే పొడుల డబ్బా వెనక చదవండి. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు, చక్కెర ఒకటి రెండు స్థానాల్లో ఉంటే అది బలం పొడి కాదు, చక్కెర పొడి. చక్కెర గ్రాములను నాలుగుతో భాగిస్తే ఎన్ని టీస్పూన్లో తెలుస్తుంది. ఈ లెక్క మీ బాబుకే నేర్పండి, ఇష్టంగా చేస్తాడు. అన్నిట్లోకీ ఒక్కటే మార్చగలమంటే ముందు దీన్నే మార్చండి.

ఆట రోజుకు గంట, ఆయాసం వచ్చేలా. ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఇదే. గంట ఏకధాటిగా అక్కర్లేదు, పావుగంట చొప్పున నాలుగుసార్లయినా గంటే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. లావు తగ్గడానికి పరిగెత్తమంటే అది శిక్ష అవుతుంది, నెలకే మానేస్తాడు. బొద్దుగా ఉన్న పిల్లలు పరుగు పందెంలో వెనకబడతారు, ఈతలో, సైకిల్ మీద, బరువు పనికొచ్చే ఆటల్లో వెనకబడరు. అలాంటిది ఒకటి వాడినే ఎంచుకోనివ్వండి. బడి నుంచి రాగానే టీవీ పెడితే ఆట వేళ పోతుంది, వరస తిప్పండి: చిరుతిండి, ఆట, ఆ తర్వాతే తెర. తెర ముందు తిండి మాత్రం ఇంట్లో ఎవరికీ వద్దు.

నిద్ర వాడికి తొమ్మిది నుంచి పన్నెండు గంటలు, పాపకు పగటి నిద్రతో కలిపి పది నుంచి పదమూడు. నిద్ర చాలని పిల్లలకు మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది, తీపి మీదికి మనసు పోతుంది.

ఇవన్నీ పిల్లాడి మీద వేసే పనులు కావని గమనించే ఉంటారు. ఇజ్రాయెల్‌లో మోరియా గోలన్ బృందం ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లల ఊబకాయంపై చేసిన పరిశోధన 1998లో వెలువడింది. ఒక వర్గంలో పిల్లలకే క్లాసులు, ఇంకో వర్గంలో తల్లిదండ్రులకే క్లాసులు, పిల్లల్ని పిలవనే లేదు. తల్లిదండ్రులు నేర్చుకున్న ఇళ్లలో పిల్లలే ఎక్కువ బాగుపడ్డారు. కాబట్టి మీవారిని ఒక పని అడగండి. రాత్రి భోజనం తర్వాత ఆయన ఏమైనా తింటుంటే, కూల్‌డ్రింక్ తాగుతుంటే అవి ఇంట్లో ఆగిపోవాలి, సాయంత్రం అరగంట బాబుతో బయటికి వెళ్లాలి. వంశం గురించి వాదించడం కంటే ఇది తేలిక.

అత్తగారిని ‘మీ వల్లే’ అంటే ఆ రోజుతో సహకారం పోతుంది. ఆవిడ ప్రేమ కొద్దీ మధ్యమధ్యలో ఏదైనా పెడుతుంటే, దాన్ని ఆపకుండా వేళ మార్చండి. సాయంత్రం చిరుతిండి బాధ్యత పూర్తిగా ఆవిడకే అప్పగించండి, ఏం పెట్టాలో మీరిద్దరూ కలిసి ఆదివారం నాడే అనుకోండి. ‘వేళకు మీ చేత్తో మీరే పెట్టండి అత్తయ్యా, మధ్యలో మాత్రం వద్దు’ అంటే కాదనే పెద్దవాళ్లు తక్కువ.

బరువు గురించి వాడితో మీరుగా ఎత్తవద్దు. లావు, డైటు, తగ్గాలి అన్న మాటలు ఇంట్లో వద్దు, మీ ఒంటి గురించి మీరు విసుక్కునేవి కూడా వాడు వింటాడు. ఇంట్లోవాళ్లు బరువు మీద వేళాకోళం చేసిన పిల్లలు ఇంకా ఎక్కువ తింటారు, చాటుగా తింటారు. మార్పులు ఎందుకని అడిగితే ‘మనందరికీ ఓపిక రావాలి, అందుకే’ అనండి, అది నిజం కూడా. ‘నేను లావా?’ అని వాడే అడిగితే కాదని అబద్ధం చెప్పకండి. ‘నీ ఎత్తు కంటే బరువు కొంచెం ముందు పెరిగింది. దాన్ని చూసుకోవడం అమ్మానాన్నల పని, నువ్వు ఆడుకో’ అంటే చాలు. బడిలో ఏడిపించడాన్ని వాడి బరువు సమస్యగా చూడకండి, అది ఏడిపించేవాళ్ల తప్పు. క్లాస్ టీచర్‌ను కలిసి, ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో స్పష్టంగా చెప్పండి.

కొన్ని ఉంటే ఇంట్లో చేసేవాటితో ఆగకుండా పిల్లల డాక్టర్‌ను కలవాలి. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోవడం (హార్మోన్ల తేడాకు ఇది ముఖ్యమైన గుర్తు), మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారడం, గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవడం, తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటడం, చూపు మసకబారుతూ తలనొప్పి. కుంటడం, చూపు మసక అయితే అదే రోజు వెళ్లండి. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి.

ఎత్తు, బరువు మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది, రోజూ మిషన్ ఎక్కించకండి. చెప్పులు లేకుండా, పలచటి బట్టలతో, అదే మిషన్ మీద, మడమలూ వీపూ గోడకు ఆనించి నిలబెట్టి తలపై పుస్తకం అడ్డంగా పెట్టి గుర్తు గీయండి. ఒక సెంటీమీటరు తేడా వస్తే మీ బాబు బీఎంఐ 0.3 దాకా మారిపోతుంది, అందుకే ఇంత జాగ్రత్త. మూడు నెలల్లో ఒకటిన్నర సెంటీమీటరు పెరిగి, బరువు అలాగే ఉన్నా, అర కిలోకు మించకుండా పెరిగినా దారిలో ఉన్నట్టే. ఆరు నెలలకు 131 సెంటీమీటర్ల దగ్గర బరువు 32.5 అయితే మాత్రం బీఎంఐ దాదాపు 19. అలా జరిగితే వాడి అన్నం మళ్లీ తగ్గించకుండా, ఇంట్లో అందరూ రెండు రోజులు తిన్నవీ తాగినవీ రాసిన కాగితం, ఈ కొలతలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.